మితవాది వకీలు తేజ్ బహదూర్ సప్రూ: ఆయన రాజీ ప్రయత్నాలు స్వాతంత్ర్యాన్ని దగ్గర చేశాయా, వెనక్కి లాగాయా?

పాతకాగితాలు (చర్చ ప్రారంభం)

మన పాఠ్యపుస్తకాలలో సర్ తేజ్ బహదూర్ సప్రూ పేరు సాధారణంగా రెండు చోట్ల మాత్రమే తగులుతుంది. 1928 నాటి మోతీలాల్ నెహ్రూ కమిటీ సభ్యుల జాబితాలో ఒకసారి, 1931 నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడికకు ముందు రాయబారం నడిపిన ‘సప్రూ, జయకర్’ జంటలో సగంగా మరొకసారి. ఆయన ఎవరో, ఏ పని చేసి ఆ స్థానానికి వచ్చారో ఆ రెండు చోట్లా ఎవరూ చెప్పరు. మితవాదులు అర్జీలు రాసుకున్నారని, అర్జీలతో స్వరాజ్యం రాలేదని, కనుక వారి గురించి తెలుసుకోవలసింది ఏమీ లేదని ఒక అభిప్రాయం మనలో బాగా పాతుకుపోయింది. నేను దానితో ఏకీభవించను. ఎందుకు ఏకీభవించనో చెప్పి, మీ అభ్యంతరాలు వినాలన్నదే నా ఉద్దేశం.

సప్రూ 1875 డిసెంబరు 8న అలీగఢ్‌లో ఒక కాశ్మీరీ పండిత కుటుంబంలో పుట్టారు. ఆగ్రా కళాశాలలో చదివి, మొదట మొరాదాబాదులో ప్లీడరుగా పనిచేసి, తర్వాత అలహాబాదు హైకోర్టుకు వచ్చి అక్కడి అగ్రశ్రేణి న్యాయవాదులలో ఒకరయ్యారు. ఉర్దూ, పారశీక సాహిత్యాలంటే ఆయనకు ప్రాణం. 1913లో సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) శాసనమండలికి, 1916లో ఇంపీరియల్ శాసనమండలికి వెళ్లారు. యుద్ధానంతర సంస్కరణలు ఎలా ఉండాలో చెబుతూ 1916లో ఆ మండలి భారతీయ సభ్యులు 19 మంది ఒక విజ్ఞాపన పత్రం సమర్పించారు. అందులో సప్రూ, జిన్నా, మాలవీయలతో పాటు మన విశాఖపట్నం వకీలు బయ్యా నరసింహేశ్వర శర్మ గారి సంతకం కూడా ఉంది. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినది ఈ శర్మ గారే. 1920లో వీరిద్దరూ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరారు. శర్మ గారు రెవెన్యూ, వ్యవసాయ శాఖలు చూశారు. సప్రూ లా మెంబరు (న్యాయశాఖ సభ్యుడు) అయ్యారు.

నా వాదనకు ఆధారం ఆ పదవీకాలమే. 1921లో అణచివేత చట్టాల పరిశీలనకు ఒకటి, పత్రికా చట్టాల పరిశీలనకు ఒకటి కమిటీలు ఏర్పడ్డాయి. రెండింటికీ అధ్యక్షుడు సప్రూ. వాటి సిఫారసుల మీదనే రౌలట్ చట్టం, 1910 నాటి ప్రెస్ చట్టం 1922లో రద్దయ్యాయి. రౌలట్ చట్టం మీద దేశమంతా హర్తాళ్లు జరిగాయి, దాని వెనువెంట జలియన్‌వాలాబాగ్‌లో నెత్తురు పారింది. ఇవి మనందరికీ తెలిసిన విషయాలే. ఆ చట్టాన్ని కొట్టివేయించిన కమిటీకి ఎవరు అధ్యక్షత వహించారని అడిగితే జవాబు చెప్పగలిగినవారు మాత్రం నాకు చాలా తక్కువగా తటస్థపడ్డారు. ఒక రాజకీయ నాయకుణ్ణి ఆయన ఎన్నిసార్లు జైలుకు వెళ్లారన్న లెక్కతో కాక, ఆయన చేతి మీదుగా ఏ చట్టం పోయింది, ఏ ఒప్పందం కుదిరింది, ఏ పత్రం మిగిలింది అన్న లెక్కతో తూచాలని నా అభిప్రాయం. ఆ తూకంలో సప్రూ తేలిపోరు.

వరంగల్లు వకీలు

పాతకాగితాలు గారు ఎంచుకున్న ఆధారాన్నే తీసుకుని, అది సగం మాత్రమేనని చూపుతాను. ముప్పై ఏళ్లుగా కోర్టులలో ఉన్నవాణ్ణి గనుక, ఒక నివేదికలో రద్దు చేయమన్న చట్టాల కంటే ఉంచమన్న చట్టాలను ముందు చూడడం నాకు అలవాటు.

ఆ అణచివేత చట్టాల కమిటీ అన్నింటినీ రద్దు చేయమనలేదు. 1911 నాటి రాజద్రోహ సభల చట్టాన్ని, 1908 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం రెండవ భాగాన్ని అప్పటి పరిస్థితుల దృష్ట్యా ఇప్పుడే తీసివేయవద్దని చెప్పింది. రౌలట్ చట్టం అప్పటికి వాడుకలో లేని చట్టం. 1908 చట్టం అలా కాదు. ప్రభుత్వం ఏ సంఘాన్నయినా చట్టవిరుద్ధమని ప్రకటించి, అందులో సభ్యుడైనంత మాత్రాన ఎవరినైనా జైలుకు పంపవచ్చు. 1921 నవంబరు, డిసెంబరు నెలల్లో కాంగ్రెసు, ఖిలాఫత్ వాలంటీరు దళాలను నిషేధించింది ఈ చట్టం కిందనే. డిసెంబరు 6న అలహాబాదులో మోతీలాల్ నెహ్రూను పట్టుకుని ఆరు నెలల శిక్ష వేసినదీ దీని కిందనే. ఒకే ఊరు, ఒకే హైకోర్టు, ఒకే సమాజం, ఏళ్ల స్నేహం. ఒకరు జైలులో ఉన్నారు, మరొకరు ఆ జైలు తాళం వేసిన ప్రభుత్వానికి న్యాయ సలహాదారుగా ఉన్నారు. 1922 మార్చిలో గాంధీని అరెస్టు చేసి ఆరేళ్ల శిక్ష వేసినప్పుడూ సప్రూ ఆ మండలిలోనే ఉన్నారు.

వ్యక్తిగా ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు. నా అభ్యంతరం ఆయన పద్ధతి మీద. వాజ్యంలో రాజీ కుదరాలంటే ఇరు పక్షాలకూ తీర్పు భయం ఉండాలి, వారిద్దరికీ పైన ఒక న్యాయమూర్తి ఉండాలి. వలసపాలనలో న్యాయపీఠం మీద కూర్చున్నది ప్రతివాదే. అటువంటి చోట ఎంత చక్కగా వాదించినా అది అర్జీగానే మిగులుతుంది. సప్రూ తన జీవితమంతా ఆ పీఠం మీదివాడు హేతువుకు లొంగుతాడని నమ్మారు. లొంగిన ప్రతిసారీ దానికి కారణం బయట వీధులలో ఉంది, లోపలి వాదనలో కాదు.

చరిత్ర ఉపాధ్యాయిని

ఇద్దరూ 1922 దగ్గరే ఆగిపోయారు. సప్రూ అసలు విలువ తెలియాలంటే 1928 డిసెంబరులో కలకత్తాలో జరిగిన అఖిలపక్ష సమావేశాన్ని చూడాలి. నేను ఈ ఘట్టాన్ని ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాను, చెప్పిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

సైమన్ కమిషన్‌లో ఒక్క భారతీయుడూ లేనందుకు కాంగ్రెసుతో పాటు మితవాదుల పార్టీ అయిన లిబరల్ ఫెడరేషన్ కూడా దాన్ని బహిష్కరించింది. ఆ నిర్ణయం వెనుక సప్రూ ఉన్నారు. అప్పుడు మనమే ఒక రాజ్యాంగం రాసుకుందామని మోతీలాల్ అధ్యక్షతన కమిటీ వేశారు. సప్రూ అందులో సభ్యుడు. ముసాయిదాలోని రాజ్యాంగ భాగాలపై ఆయన ముద్ర బలంగా ఉంది. ఆ నివేదిక ఆమోదానికి కలకత్తాలో సమావేశమైనప్పుడు జిన్నా కొన్ని సవరణలు కోరారు. వాటిలో ముఖ్యమైనది కేంద్ర శాసనసభలో ముస్లిములకు మూడింట ఒక వంతు స్థానాలు. హిందూ మహాసభ తరఫున జయకర్ గట్టిగా వ్యతిరేకించారు. అప్పుడు సప్రూ లేచి లెక్క చెప్పారు: నామినేటెడ్ సభ్యులతో కలిపి చూస్తే అప్పటికే ముస్లిముల వాటా 27 శాతం ఉంది, జిన్నా అడుగుతున్నది 33 శాతం. జిన్నా తనకు పదిహేనేళ్లుగా బాగా తెలుసునని, ఆయన మారాం చేసే పిల్లవాడే అనుకున్నా సరే, అడిగింది ఇచ్చి ఈ వివాదాన్ని ముగించమని సభను కోరారు. సభ వినలేదు.

తర్వాత రెండు దశాబ్దాలలో ఏం జరిగిందో మనకు తెలుసు. ఆ ఆరు శాతం ఇచ్చి ఉంటే దేశవిభజన జరిగేది కాదని నేను అనను. చరిత్రలో అటువంటి ధీమా పనికిరాదు. అయితే వరంగల్లు వకీలు గారూ, ఇక్కడ పీఠం మీద కూర్చున్నది బ్రిటిషువాడు కాదు. అందరూ భారతీయులే. ఇద్దరు సోదరుల పంపకంలో పెద్దమనిషి వచ్చి ఇంతటితో సర్దుకోండని చెప్పే పని అది. ఆ పనికి సప్రూ కంటే తగినవారు ఆనాడు లేరు. ఆయన మాట చెల్లకపోవడం మితవాదం వైఫల్యమా, ఆ మాట వినని సభ వైఫల్యమా? మీరు మొదటిదే అంటే కారణం చెప్పండి.

నెటాల్ మనవరాలు

నేను రాజ్యాంగ విషయాలలో నిపుణురాలిని కాను. ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక సందర్భాన్ని చేర్చాలని మాత్రం రాస్తున్నాను. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నెటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. 1923లో లండన్‌లో ఇంపీరియల్ కాన్ఫరెన్స్ జరిగినప్పుడు విదేశాలలోని భారతీయుల హక్కుల గురించి మాట్లాడింది సప్రూ. ఆ ఏడాదే కెన్యా ఎత్తయిన భూములను తెల్లవారికే ఉంచుతూ బ్రిటిషు ప్రభుత్వం శ్వేతపత్రం ఇచ్చింది. దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ ఎదుటనే కూర్చుని ఉండగా, తాను జార్జి రాజు ప్రజగా ఆయన ఇంట్లో చోటు కోసం పోరాడుతున్నానని, గుర్రాలశాలలో చోటిస్తే తృప్తి పడనని సప్రూ అన్నారు. స్మట్స్ కదలలేదు. మిగిలిన అధినివేశాల (డొమినియన్ల) వారు భారత ప్రతినిధులతో కమిటీ స్థాయిలో చర్చించడానికి ఒప్పుకున్నారు. ఫలితం చిన్నదే. అయినా మా పూర్వీకుల తరఫున ఆ గదిలో ఒకరు నిలబడి ఆ మాట అన్నారన్నది నాకు చిన్న విషయం కాదు.

పాతకాగితాలు

వరంగల్లు వకీలు గారు చూపిన 1908 చట్టం విషయం సరైనదే. నా మొదటి రాతలో దాన్ని చెప్పకపోవడం లోపం, ఒప్పుకుంటున్నాను. కానీ ఆయన దాని నుంచి తీసిన ముగింపును ఒప్పుకోలేను.

సప్రూ మండలిలో ఉండి ఏమీ చేయకుండా కూర్చోలేదు. 1921 డిసెంబరులో, అరెస్టులు జోరుగా సాగుతున్న సమయంలోనే, ప్రభుత్వానికీ కాంగ్రెసుకూ మధ్య ఒక రౌండ్ టేబుల్ సమావేశం పెట్టించాలని మాలవీయ బయటి నుంచి ప్రయత్నిస్తుంటే సప్రూ లోపలి నుంచి దానికి దోహదం చేశారు. వైస్రాయి రీడింగు కొంతవరకు మెత్తబడ్డారు కూడా. యువరాజు పర్యటన ప్రశాంతంగా సాగాలన్న ఆత్రం ఆయనకుంది. అలీ సోదరులతో సహా ఖిలాఫత్ ఖైదీలను విడుదల చేయాలన్న షరతు దగ్గర ఆ ప్రయత్నం ఆగింది. గాంధీ షరతు నైతికంగా సరైనదే కావచ్చు. నేను చెప్పదలచుకున్నది వేరు. అవతలి పక్షం ఒక అడుగు వెనక్కి వేయడానికి సిద్ధపడిన క్షణాన్ని గుర్తించగలిగినవారు లోపల ఉండాలి. లోపల ఎవరూ లేకపోతే వీధిలోని బలం ఒప్పందంగా మారదు.

సప్రూ మూడేళ్లు నిండకుండానే ఆ పదవి వదిలేశారు. 1924లో, 1919 సంస్కరణల అమలును పరిశీలించిన ముడిమన్ కమిటీలో కూర్చుని, రాష్ట్రాలలో శాఖలను మంత్రులకూ గవర్నరు మండలికీ పంచిన ద్వంద్వ పాలన విఫలమైందని, రాజ్యాంగాన్నే మార్చాలని జిన్నా, శివస్వామి అయ్యర్, పరాంజపేలతో కలిసి విడిగా నివేదిక రాశారు. తాను భాగస్వామిగా ఉన్న ఏర్పాటు పనిచేయలేదని మూడేళ్లలో లిఖితపూర్వకంగా చెప్పగలగడం ఎంతమంది మాజీ మంత్రులకు సాధ్యమవుతుంది?

ఇక 1931. ఈ ఘట్టం మీద కొంచెం ఆగాలి. 1930 ఆగస్టులో సప్రూ, జయకర్ ఇద్దరూ వైస్రాయి అనుమతితో జైళ్ల మధ్య తిరిగారు. నైనీ జైలులో ఉన్న మోతీలాల్, జవహర్‌లాల్ నెహ్రూలను ప్రత్యేక రైలులో ఎరవాడకు తెచ్చి గాంధీతో మాట్లాడించారు. అది ఫలించలేదు. కాంగ్రెసు షరతులను ఇర్విన్ అంగీకరించలేదు. ఇద్దరు పెద్దవకీళ్లు తమ కోర్టుపని మానుకుని, ఏ హోదా లేకుండా, ఇరువైపులా అనుమానపు చూపులు భరిస్తూ ఆ పని చేశారు. మొదటి రౌండ్ టేబుల్ సమావేశం 1931 జనవరి 19న ముగిసింది, 25న కాంగ్రెసు కార్యవర్గాన్ని విడుదల చేశారు. ఫిబ్రవరి 6న మోతీలాల్ కన్నుమూసిన రోజునే సప్రూ, జయకర్, శ్రీనివాస శాస్త్రి ఓడ దిగారు. నేరుగా అలహాబాదు వెళ్లి, గాంధీని కలిసి, ఇర్విన్‌కు ఆయనే ఉత్తరం రాసేలా ఒప్పించారు. మార్చి 5న ఒడంబడిక అయింది. ఒక పాత మిత్రుని చితి చల్లారకముందే ఆ ఇంట్లో కూర్చుని చేసిన రాయబారం అది.

కృష్ణా తీరం

పాతకాగితాలు గారి చివరి మాటలు నన్ను కదిలించాయి. అయినా ఒక ప్రశ్న మిగిలింది. ఇర్విన్ గాంధీని పిలిచి కూర్చోబెట్టడానికి కారణం సప్రూ వాక్చాతుర్యమా, దండి తర్వాత జైళ్లు నిండిపోవడమా? బందరు తీరంలో, గోదావరి ముఖద్వారం దగ్గర, నెల్లూరు దాకా ఉప్పు వండి లాఠీదెబ్బలు తిన్నవారు లేకపోతే సప్రూ ఏ చేతితో బేరమాడేవారు? ఒడంబడికలో ఉప్పు దొరికే గ్రామాలవారు తమ వాడకానికి, తమ గ్రామంలో అమ్మకానికి ఉప్పు చేసుకోవచ్చన్న మాట చేరింది. మా తీరగ్రామాలకు ఆ వెసులుబాటు నిజంగానే దక్కింది. దాన్ని కాగితం మీద పెట్టించినవారికి కృతజ్ఞత ఉండవలసిందే. ఆ కాగితానికి ధర చెల్లించినవారు మాత్రం వేరే. ఆ ఒడంబడిక భగత్‌సింగ్‌ను, ఆయన సహచరులను కాపాడలేకపోయింది, మార్చి 23న ఉరితీశారు. మితవాదుల ఒప్పందాలలో ఎవరికి వెసులుబాటు దొరికింది, ఎవరు బయట మిగిలిపోయారు అన్న ప్రశ్న కూడా అడగాలి.

పల్లె గ్రంథాలయం

కృష్ణా తీరం గారి చివరి ప్రశ్నకు ఇంకొక ఉదాహరణ చెబుతాను. 1932 సెప్టెంబరులో, అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చిన బ్రిటిషు ప్రభుత్వ నిర్ణయానికి (కమ్యూనల్ అవార్డు) వ్యతిరేకంగా గాంధీ చేసిన నిరాహారదీక్ష వల్ల ప్రతిష్టంభన ఏర్పడినప్పుడు దాన్ని విడదీసిన ఉపాయం సప్రూదే. ప్రత్యేక నియోజకవర్గాలకు బదులు, ముందుగా అణగారిన వర్గాల ఓటర్లే ఒక్కో స్థానానికి నలుగురు అభ్యర్థులను ఎన్నుకోవాలి, ఆ నలుగురి నుంచి ఉమ్మడి ఓటర్లు ఒకరిని గెలిపించాలి. పూనా ఒడంబడికకు ఇదే ఇరుసు. కమ్యూనల్ అవార్డు 71 స్థానాలిస్తే ఒడంబడికలో 148 దక్కాయి. సంఖ్య రెట్టింపుకు మించింది. ఎవరు గెలవాలన్న చివరి మాట మాత్రం అగ్రవర్ణ ఓటర్ల చేతికి వెళ్లింది. ఆ ప్రాథమిక ఎన్నికకూ పదేళ్ల గడువే పెట్టారు. అంబేద్కర్ ఆనాడు సంతకం చేశారు, తర్వాత జీవితాంతం దాని లోపాన్ని ఎత్తిచూపారు. రాజీ కుదిర్చినవాడి నైపుణ్యం చూసి మనం అబ్బురపడేటప్పుడు, బలహీన పక్షం ఏ ఒత్తిడిలో సంతకం పెట్టిందో కూడా చెప్పాలి. దీక్షలో ఉన్న గాంధీ ప్రాణం ఆనాడు అంబేద్కర్ నెత్తిన ఉంది. ఆ ఒత్తిడిని సప్రూ సృష్టించలేదు, కానీ ఆయన ఉపాయం పనిచేసింది ఆ ఒత్తిడి ఉన్నందువల్లనే.

వరంగల్లు వకీలు

చరిత్ర ఉపాధ్యాయిని గారి ప్రశ్నకు నేరుగా జవాబిస్తాను. కలకత్తా విషయంలో మీరు చెప్పినది న్యాయమైనది. అక్కడ సప్రూ చూపు సభకు లేదు. నా అభ్యంతరాలలో ఆ ఘట్టాన్ని చేర్చను.

అయితే ఆయన జీవితంలోని అతిపెద్ద పందెం కలకత్తా కాదు, 1930 నవంబరులో లండన్‌లో వేసినది. బ్రిటిషు ఇండియా, సంస్థానాలు కలిసి ఒక సమాఖ్య కావాలని రౌండ్ టేబుల్ సమావేశం ఆరంభంలోనే ఆయన ప్రతిపాదించారు. బికనీరు మహారాజు ఆ వెంటనే లేచి ఒప్పుకున్నారు. సంస్థానాధీశులు వస్తే కేంద్రంలో బాధ్యతాయుత ప్రభుత్వం ఇవ్వడానికి లండన్‌లోని సంప్రదాయవాదులు కూడా భయపడరని సప్రూ లెక్క. ఆ లెక్క ఎవరి ఖర్చు మీద వేశారో ఒక తెలంగాణ వాడిగా నేను చెప్పాలి. 1935 చట్టంలో సమాఖ్య శాసనసభకు 375 స్థానాలుంటే 125 సంస్థానాలకు, ఎగువ సభలో 260కి 104 సంస్థానాలకు కేటాయించారు. వాటిని నింపేది ప్రజలు కాదు, రాజులు. హైదరాబాదు ప్రతినిధి వర్గాన్ని నడిపినది నిజాం అధికారి అక్బర్ హైదరీ. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఇంకా పుట్టకముందే నిషేధించిన ప్రభుత్వం, ఢిల్లీలో మా తరఫున మాట్లాడేవారిని తానే నియమించేది! మా తాతల కాలంలో వెట్టి చేస్తున్న రైతుకు ఆ సమాఖ్యలో ఏ గొంతూ లేదు. చివరకు రాజులే చేరలేదు, సమాఖ్య భాగం అమలు కాకుండానే యుద్ధం వచ్చింది. అమలై ఉంటే ఇంకా ఘోరంగా ఉండేదని నా నమ్మకం.

విజయనగరం వాసి

సప్రూ గురించి మాట్లాడుతూ మన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి గారిని తలచుకోకపోవడం వెలితిగా అనిపించింది. 1880లో విజయనగరంలో పుట్టి, అలహాబాదు చేరి, 1909లో మొదలైన ‘లీడర్’ పత్రికను దశాబ్దాల పాటు నడిపిన సంపాదకుడు. సప్రూకు లిబరల్ సహచరుడు, మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా వెళ్లినవారు. ఆయన వకీలు కాదు, పత్రికారచయిత. 1921లో సంయుక్త రాష్ట్రాలలో మంత్రి అయ్యారు. గవర్నరు తన అధికారంలో జోక్యం చేసుకున్నారని 1923లో రాజీనామా చేసి బయటికి వచ్చారు, మరో మంత్రి జగత్ నారాయణ్ ముల్లా కూడా ఆయనతో వచ్చారు. మితవాది అంటే పదవిని పట్టుకుని వేలాడేవాడు అనేవారికి ఈ రాజీనామా జవాబు. నాకు మాత్రం చింతామణి మార్గం సప్రూ మార్గం కంటే ఒక మెట్టు పైన కనిపిస్తుంది. ఎందుకు బయటికి వచ్చారో ప్రజలకు తెలిసేలా వచ్చారు, మర్నాటి నుంచి పత్రికలో రాశారు. సప్రూ తన అసమ్మతిని కమిటీ నివేదికలలో, ఉత్తరాలలో, గదులలోపలి సంభాషణలలో ఉంచారు. అవి సామాన్యుడికి చేరలేదు, అందుకే ఈనాటికీ ఆయన్ను సమర్థించడానికి పాత కాగితాలు వెతకవలసి వస్తోంది.

చరిత్ర ఉపాధ్యాయిని

విజయనగరం వాసి గారు చెప్పినది నిజం, సప్రూకు జనం లేరు. లిబరల్ ఫెడరేషన్‌కు గ్రామాలలో శాఖలు లేవు, వాలంటీర్లు లేరు. ఆ లోటును నేను దాచను. అయితే జనం లేనివాడు రాసిన కాగితం జనానికి పనికివచ్చిన సందర్భం ఒకటుంది.

1944 సెప్టెంబరులో గాంధీ-జిన్నా చర్చలు విఫలమైన తర్వాత, నవంబరులో నిర్దళీయ సమావేశం (ప్రధాన పార్టీలకు చెందని నాయకుల వేదిక) తరఫున సప్రూ అధ్యక్షతన ఒక రాజ్యాంగ కమిటీ ఏర్పడింది. ఆయనకు అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్లు, ఆరోగ్యం చెడింది. జిన్నా ఆ కమిటీని కలవడానికే నిరాకరించారు. 1945లో వచ్చిన నివేదిక పాకిస్తాన్ ప్రతిపాదనను తోసిపుచ్చింది. ముస్లిములు ఉమ్మడి నియోజకవర్గాలకు ఒప్పుకుంటే, కేంద్ర సభలో వారికి షెడ్యూల్డు కులాలు కాని హిందువులతో సమాన స్థానాలు ఇవ్వాలని చెప్పింది. ఈ సమానత్వ ప్రతిపాదన ఇరువైపులా ఎవరికీ నచ్చలేదు, నాకూ అది అతిగానే తోస్తుంది. దేశం దాన్ని పక్కన పెట్టింది. కానీ అదే నివేదిక ప్రాథమిక హక్కులు రాజ్యాంగంలో ఉండి తీరాలని వాదించి, కోర్టుకు వెళ్లి సాధించుకోగల హక్కులు, అలా సాధించుకోలేనివి అని రెండు రకాలుగా విడదీసింది. 1947లో రాజ్యాంగ సభ హక్కుల ఉపసంఘంలో ఇదే విభజనను సమర్థించినవారిలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. ఆదేశిక సూత్రాలకు ఐర్లండు రాజ్యాంగం నమూనా అన్నది మనం చదువుకున్నదే. కానీ హక్కులు ఒక భాగంగా, ఆదేశాలు మరొక భాగంగా విడిగా నిలవాలన్న ఆలోచన మన నేల మీద సప్రూ నివేదికలో ముందే ఉంది.

పాతకాగితాలు

సమాఖ్య విషయంలో వరంగల్లు వకీలు గారి మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. రాజుల ప్రతినిధులకు మూడింట ఒక వంతు ఇవ్వడం తాత్కాలికమైన మెట్టు అని, బాధ్యతాయుత కేంద్రం ఏర్పడితే సంస్థానాలలోనూ మార్పు తప్పదని సప్రూ భావించారు. కానీ వెట్టి చేస్తున్న రైతును ‘కొంతకాలం ఆగు’ అనే హక్కు అలహాబాదు వకీలుకు ఎక్కడి నుంచి వచ్చిందని మీరడిగితే నేను తల దించుకోవలసిందే. పల్లె గ్రంథాలయం గారు చెప్పినదానికీ ఇదే వర్తిస్తుంది.

జైలుకు వెళ్లినవారికి సప్రూ ఎదురు నిలిచారన్న మాటను మాత్రం ఒప్పుకోను. 1943 ఫిబ్రవరిలో ఆగాఖాన్ భవనంలో గాంధీ 21 రోజుల దీక్షలో ఉండగా, ఢిల్లీలో నాయకులందరినీ పిలిచి, ఆయనను వెంటనే విడుదల చేయాలని తీర్మానించిన సభకు అధ్యక్షుడు సప్రూ. ప్రభుత్వం వినలేదు. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షా నవాజ్, సెహగల్, ధిల్లన్‌ల విచారణ మొదలైనప్పుడు రక్షణ న్యాయవాదుల బృందంలో భూలాభాయి దేశాయి, చాలా ఏళ్ల తర్వాత గౌను తొడుక్కున్న జవహర్‌లాల్‌లతో పాటు ఈ వృద్ధుడూ ఉన్నారు. ఆయుధం పట్టిన మార్గాన్ని జన్మలో సమర్థించని మనిషి, ఆయుధం పట్టినవారి పక్షాన వకాల్తా వేశారు. 1949 జనవరి 20న ఆయన అలహాబాదులో మరణించేనాటికి రాజ్యాంగం ముసాయిదా దశలోనే ఉంది.

వరంగల్లు వకీలు

ఎర్రకోట విషయం నేను మరచిపోయాను. తన రాజకీయ విశ్వాసానికి విరుద్ధమైన కక్షిదారు కోసం నిలబడడం మా వృత్తిలో అన్నింటికంటే కఠినమైన పని. వీధిలో బలం ఉన్నప్పుడు మాత్రమే సప్రూ మాట చెల్లిందన్నాను, ఆ అభిప్రాయం మార్చుకోవడం లేదు. ఆయన వాదన అంతా అర్జీయే అన్న మాటను మాత్రం ఉపసంహరించుకుంటున్నాను. 1908 చట్టం రెండవ భాగాన్ని ఉంచమని ఆయన కమిటీ చెప్పిన సిఫారసు మీద నా అభ్యంతరం అలాగే ఉంది. మోతీలాల్‌కు ఆరు నెలలు పడింది దాని కిందనే.